పొలిమేర దాకా మోసిన జవాబు

మన దేశం పదిమంది ముందు ఇచ్చిన ఒక మాటను నిలబెట్టుకుంటోందో లేదో చెప్పవలసిన పని ఒకప్పుడు నా మీద పడింది. గొప్పకు చెప్పడం లేదు. నేనప్పుడు లక్సెట్టిపేట తాలూకాలో గిర్దావరును. పట్వారీలు రాసిన పహాణీలు, అంటే పొలాల లెక్కలు, సరిచూస్తూ ఊళ్లు తిరిగే చిన్న ఉద్యోగం. నిజాం ప్రభుత్వం పోయి కొన్నేళ్లయింది. హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉంది గాని, దాన్ని పంచేస్తారన్న మాట కచేరీలో రోజూ వినపడుతూనే ఉంది.

ఒకరోజు తహసీల్దారు నన్ను లోపలికి పిలిచి ఒక ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టాడు. పెద్ద చదువు చదివినవాడు, హైదరాబాదు మనిషి. చిన్న ఉద్యోగులతో కూడా కూర్చోబెట్టి మాట్లాడేవాడు. అందుకని ఆయనంటే నాకు భక్తి. ఆ కాగితం సంగతి ఆయనే విడమరచి చెప్పాడు. ప్రపంచ దేశాలు జెనీవాలో కూర్చుని, ఎవరిచేతా బలవంతంగా పని చేయించబోమని ఒప్పందం రాసుకున్నాయి. మన దేశమూ ఆ ఒప్పందంలో చేరింది. చేరిన దేశం ఊరుకుంటే కుదరదు, మీ దగ్గర ఆ మాట ఎంతవరకు అమలైందని వాళ్లు అడుగుతూ ఉంటారు, జవాబు రాసి పంపాలి. వాళ్లు ఢిల్లీని అడిగారు. ఢిల్లీ హైదరాబాదును అడిగింది, హైదరాబాదు ఆదిలాబాదును, ఆదిలాబాదు మమ్మల్ని.

తప్పు జవాబిస్తే ఏం చేస్తారని అడిగాను. వాళ్లకు పోలీసులు లేరు, పల్టను లేదు, మళ్లీ అడుగుతారు, అన్ని దేశాలూ వింటుండగా అడుగుతారు, అంతే అన్నాడాయన. నాకది చాలా తక్కువ అనిపించింది. ఆయన నవ్వి, రాజ్యాలను ఆ సిగ్గు తప్ప మరేదీ కట్టిపడేయలేదని, ఆ సిగ్గు పుట్టాలంటే కింద ఊరు చూసినవాడు నిజం రాయాలని అన్నాడు. నా తాలూకాలో ఊళ్లు చూసింది నువ్వు, నువ్వే రాయి అన్నాడు.

ఆ మాటకు ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తుంది. కరీంనగరంలో చదువుకునే రోజుల్లో వెట్టి పోవాలని కేకలు వేసి కొన్నాళ్లు పోలీసు హవాలాతులో కూర్చున్నవాణ్ణి. ఆ కేకకు ఇన్నాళ్లకు పని దొరికిందనుకున్నాను.

కాని కేకలు వేసిన నోరు వేరు, పెరిగిన ఇల్లు వేరు. మా బాపు గోదావరికి అవతల, కరీంనగరం జిల్లాలో పట్వారీ. మా ఇంట్లో వడ్లు దంచేవాళ్లూ, కట్టెలు కొట్టేవాళ్లూ పొద్దున్నే వచ్చి, చీకటిపడ్డాక వెళ్లేవాళ్లు. వాళ్లు ఎందుకు వస్తున్నారని నేను ఎన్నడూ అడగలేదు. గిర్దావరునయ్యాక నా తిరుగుడూ అలాగే సాగింది. నేను వస్తున్నానని కబురు వెళితే చాలు, చావడి అలికి ఉండేది. కుమ్మరి కొత్త కుండతో నీళ్లు పెట్టేవాడు. చాకలి పక్క పరిచేవాడు. ఎవరి ఇంటి కోడో నా కూరలోకి వచ్చేది. ఎర్రగుడ్డలో కట్టిన నా కచేరీ మూటను ఊరి చాకిరీకి ఉండే బేగరి నెత్తిన పెట్టుకుని పొలిమేర దాకా మోసేవాడు. అక్కడ తర్వాతి ఊరి బేగరి నిలబడి ఉండేవాడు. మూట ఈ నెత్తి మీంచి ఆ నెత్తి మీదికి మారేది. నేను ఆగే పని కూడా ఉండేది కాదు. ఇదంతా చట్టంలో ఎక్కడా లేదు, ఎప్పుడో నిషేధించారు కూడా. అయినా వెట్టి అన్న మాట వింటే నాకు పాత దొరల గడీలే గుర్తొచ్చేవి గాని, నా వెనకాల వస్తున్న మూట ఎన్నడూ గుర్తు రాలేదు.

ఆ కాగితాన్ని కూడా అదే మూటలో పెట్టి, అలాగే బయలుదేరాను.

మొదట చెన్నూరు దారిలో, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊరికి వెళ్లాను. అక్కడి బేగరి నాకు బాగా తెలిసినవాడు. నాకంటే పదేళ్లు పెద్ద ఉంటాడు. సన్నగా, పొడుగ్గా ఉండి, మూట నెత్తిన ఉన్నా మెడ కదలకుండా మాట్లాడగలిగేవాడు. దారి పొడుగునా నేను అతని పక్కనే నడుస్తూ, ఎవరి చేను ఎలా పండిందో, ఏ చెరువు తెగిందో అడిగి తెలుసుకునేవాణ్ణి. పట్వారీ రాసినదాని కంటే అతను చెప్పిందే నాకు ఎక్కువ పనికొచ్చేది. ఆ రోజు ఊరి పెత్తనం చేసే పటేలు ఏదో పెళ్లికని చెన్నూరు పోయాడు. ఇదే అదను అనుకుని, చావడిలో కూర్చుని, మూట విప్పించి, కాగితం తీసి, వెట్టి చేసేవాళ్లు ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని అతన్నే అడిగాను.

అతను చేతులు కట్టుకుని నేల చూశాడు. చావడి అరుగు అలుకుతున్న అతని భార్య చెయ్యి ఆపి నా వైపు తిరిగింది.

"గా కాగితం ఎవని నెత్తి మీద వచ్చిందో ముందుగాల గది రాసుకో దొరా."

"ఊకోయే," అన్నాడతను.

"ఎందుకు ఊకుంట? అడుగుతుండు గద, చెప్తున్న. నేను గీ పేడ చేతులతోని ఇక్కడ ఎందుకున్ననో గది గుడ రాసుకొమ్మను."

నేను నవ్వాను. సిగ్గుపడవలసిన చోట నవ్వడం నాకు అప్పటికే అలవాటు. ఆ నవ్వు చూసి అతనికి కాస్త ధైర్యం వచ్చినట్టుంది, కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. పటేలు ఇంట్లో పని, పటేలు బంధువుల ఇళ్లలో పని, కచేరీ పని, పోలీసువాళ్లు వస్తే వాళ్ల పని. ఇంట్లో జ్వరంతో మనిషి పడి ఉన్నా మూట మోయక తప్పని రోజులు. దీనికంతటికీ బదులు వాగు ఒడ్డున తాతల నాటి నుంచి దున్నుకుంటున్న ఒక చెలక. అందులో జొన్న పండుతుంది. ఏడాదిలో సగం వాళ్ల కడుపు నింపేది అదే.

అతని మాటలు రాసుకుని వేలిముద్ర వేయమన్నాను. అతను వెనక్కి జరిగాడు.

"నేను చెప్పిన్నని తెలిస్తె పటేలు గా చెలక గుంజుకుంటడు దొరా."

అప్పుడు జెనీవా సంగతి అతనికి చెప్పాను. ఇది పటేలు కంటే, తహసీల్దారు కంటే, సర్కారు కంటే పెద్ద పంచాయితీ అడుగుతున్న ప్రశ్న అన్నాను. సర్కారు తానే మాట ఇచ్చింది గనుక జవాబు చెప్పి తీరాలన్నాను.

"మాట తప్పితె దండుగ ఎవలేస్తరు?" అని అడిగాడు.

"దండుగ లేదు. అన్ని దేశాలోళ్లు కూసున్న కాడ నిలబెట్టి అడుగుతరు."

నాకు తక్కువగా తోచిన ఆ సంగతి అతనికి తక్కువగా తోచలేదు. వాళ్ల కుల పంచాయితీలో ఒకసారి తన అన్నను అలాగే నిలబెట్టారట. దండుగ ఎంతో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదట గాని, నిలబడ్డ సంగతి ఊరంతటికీ గుర్తుందట. "సర్కారునే గట్ల నిలవెడ్తరా," అన్నాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె నన్ను చూస్తోంది.

"చెలకకు ఎవలు పూచి?" అందామె.

"నేనున్న. నీ చెలకకు నేను జామీను," అన్నాను.

అతను వేలిముద్ర వేసి, అంటిన సిరాను జుట్టుకు తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే నా మూట నెత్తిన పెట్టుకుని పొలిమేర దాకా వచ్చాడు. నేను వద్దనలేదు.

నేను రాసిన జవాబు చదివి తహసీల్దారు నా భుజం తట్టాడు. బేగరి వేలిముద్ర వేసిన వాంగ్మూలం మన బీరువాలోనే ఉంటుంది, ఊరి పేరు గాని మనిషి పేరు గాని పైకి పోవని నాకు మాట ఇచ్చాడు. జవాబు ఆదిలాబాదు వెళ్లింది. కొన్ని వారాలకు, మళ్లీ ఆలోచించి రాయమని తిరిగొచ్చింది. ఉందని ఒప్పుకుంటే జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి మాట వస్తుంది గనుక, ఆధారాలు ఉంటే వాటినీ జత చేసి పంపమన్నారు.

తహసీల్దారు నన్ను మళ్లీ కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఒప్పందం నకలులో ఒక చోట వేలు పెట్టి చూపించాడు. ఒక సముదాయం తన మేలు కోసం, తనవాళ్లతోనే చేయించుకునే చిన్న చిన్న పనులు బలవంతపు పని కిందికి రావు, కాకపోతే ఆ సముదాయాన్నో దాని ప్రతినిధినో సంప్రదించి ఉండాలి. అదీ అక్కడున్నది.

"నువ్వు రాసింది అబద్ధమంటలేను," అన్నాడు. "కని గిట్ల గుడ రాయొచ్చు గద. కొత్త రాష్ట్రం వస్తున్నది. ఎవర్ని ఎక్కడ పడేస్తరో తెల్వదు. నీ అసొంటోడు ఇక్కడ్నే ఉండిపోవద్దని నా మనసుల ఉన్నది."

ఆయన నన్ను బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఇప్పుడు నాకు కొంత ఊరట ఉండేది. కాగితం తీసుకుని బల్ల ముందు కూర్చున్నాను. 'ఈ ప్రాంతంలో గ్రామ హితం కోరి, గ్రామ ప్రతినిధిని సంప్రదించి, సంప్రదాయంగా జరిగే కొన్ని చిన్న సేవలు తప్ప బలవంతపు పని ఏదీ లేదు.' ఈ వాక్యాన్ని దిద్ది దిద్ది రాశాను. గ్రామ ప్రతినిధి అంటే పటేలు. ఎవడి చేత చేయిస్తున్నారో వాణ్ణి కాదు, చేయించేవాణ్ణి సంప్రదించామని రాశాను. రాసి చదువుకుంటే ఎక్కడా పట్టు దొరకకుండా కుదిరింది. ముచ్చటపడ్డాను కూడా. నేను కాకపోతే మరొకడు రాసేవాడని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. మరొకడు రాసి ఉంటే అంత బాగా కుదిరేది కాదు. ఊరు చూసినవాడు రాసిన అబద్ధం గనుకనే అది నిలబడింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కొద్దిరోజులకు ఆదిలాబాదు నుంచి ఒక లకోటా వచ్చింది. లోపల బేగరి వాంగ్మూలం ఉంది, వేలిముద్రతో సహా. ఆధారాలు పంపమన్నప్పుడే తహసీల్దారు నాతో చెప్పకుండా దాన్ని జత చేసి పంపేశాడు. ఆరోపణ వచ్చింది గనుక సదరు పటేలుకు చూపించి వివరణ తీసుకోవలసిందని దాని మీద రాసి ఉంది.

బీరువాలో ఉంటుందన్నారు కదా అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

"అడిగిండ్రు, పంపిన. పద్ధతి గది. నువ్వు పోయి వివరణ పట్టుకరా."

నేను నమ్మిన మనిషి నన్ను అమ్మేశాడనుకుంటూ బయటికొచ్చాను. ఆ కోపం నిజమే. అయితే ఆ కోపం నాకెంతో పనికొచ్చింది. ఆయన చేసిన ద్రోహాన్ని తలచుకుంటున్నంతసేపూ నేను చేయబోయేది నాకు కనిపించలేదు.

ఆ లకోటాను మూటలో పెట్టి, ఎర్రగుడ్డ నేనే కట్టాను.

పొలిమేరలో ఎప్పటిలాగే ఆ బేగరి నిలబడి ఉన్నాడు. మూట అతని నెత్తి మీదికి మారింది. ఆ రోజు నేను అతని పక్కన నడవలేకపోయాను. చెప్పుల్లో ముల్లు దిగినట్టు వంగి, ఆగి, వెనకబడ్డాను. ఊరు ఇంకా దూరం ఉంది, దారిలో మరెవరూ లేరు. చెప్పదలిస్తే చెప్పవచ్చు. మూట దించు, ఇందులో ఉన్నది నీ మాటే, పటేలు చేతికి పోతోంది అని చెప్పవచ్చు. ఆ కాగితం వాగులో పడి తడిసిపోయిందని రాసుకున్నా నా ఉద్యోగం పోయేది కాదు, కాస్త మాట పడేవాణ్ణి. ముందు నడుస్తున్న అతను మెడ తిప్పకుండానే అడిగాడు.

"గా పెద్ద పంచాయితోళ్లు ఏమన్నరు దొరా?"

"ఇంక రాలే," అన్నాను.

చావడిలో పటేలు కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని నిదానంగా చదివాడు. బేగరి మూట దించి, ఏం తెమ్మంటారోనని పక్కనే నిలబడ్డాడు. పటేలు అతన్ని ఒక్క మాట అనలేదు. అరవనైనా లేదు. "సారుకు పాలు పట్టుకరాపో," అని పంపాడు. తర్వాత, ఊళ్లో వెట్టి అన్నదే లేదని, ఎవరో చెప్పుడు మాటలు చెప్పి అమాయకుడి చేత వేలిముద్ర వేయించారని వివరణ రాసి, నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ ఎవరో నేనే. అతను తెచ్చిన పాలు తాగాను.

వానలు పడ్డాక మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. పొలిమేరలో మరో మనిషి నిలబడి ఉన్నాడు. పాత బేగరి ఎక్కడని అడిగితే, చెలక తనకిచ్చారని, వాళ్లు ఇల్లు వదిలి బొగ్గుబావుల దిక్కు పోయారని చెప్పాడు. చెప్పి, మూట నెత్తిన పెట్టుకుని నడిచాడు. నేను వెనకాలే నడిచాను.

జామీనున్న మనిషి చేయవలసింది నేను చేయలేదు. పటేలుతో కొట్లాడలేదు, పైకి రాయలేదు. తహసీల్దారు దగ్గరికి ఒకసారి వెళ్లాను. ఆయన సామాను కట్టుకుంటున్నాడు, బదిలీ అయింది. కొత్త రాష్ట్రం వచ్చింది. నన్ను కరీంనగరం కచేరీకి మార్చి, ఒక మెట్టు పైకి ఎక్కించారు. ఆయన ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

జవాబు ఇచ్చిన హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయినా ఆ ప్రశ్న మాత్రం పోలేదు. మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ఇప్పుడది నా బల్ల మీదికే వచ్చేది. ఊళ్లకు పంపే పని కూడా లేదు. గత జవాబులో మార్పు లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నేనే రాసేవాణ్ణి. అడిగేవాళ్లు విసుగు లేకుండా అడిగేవారు. వాళ్లను ఎవరూ ధిక్కరించలేదు, ఎదురు మాట్లాడలేదు. ఎంతో మర్యాదగా, వేళ తప్పకుండా జవాబిచ్చాం. ఒప్పందాన్ని అలా కూడా ఎగ్గొట్టవచ్చని నాకు తెలుసు. ఆ దారి వేసినవాణ్ణి నేనే.

ఏళ్లు గడిచాక బొగ్గుబావుల క్వార్టర్లకు భూమి కొలిచే పని మీద శ్రీరాంపూర్ వెళ్లాను. కొలతలు అయ్యాక దారి పక్క పాకలో చాయ్ అడిగితే, ఇస్తున్న ఆమె గ్లాసు ఇవ్వకుండా అలాగే పట్టుకుని నా ముఖం చూసింది. జుట్టు నెరిసింది గాని ఆ చూపు నాకు తెలుసు.

"ఓయ్, ఇటు రా," అని లోపలికి కేకేసింది. "మన జామీను వచ్చిండు."

అతను బయటికి వచ్చాడు. నడుము వంగింది, దగ్గుతున్నాడు. బావి పైన బొగ్గు టబ్బుల దగ్గర పని అని చెప్పాడు. నన్ను సారూ అన్నాడు. ఆమె ఉన్నదున్నట్టే మాట్లాడుతోంది. వచ్చిన కొత్తలో పస్తులున్నామని, ఒక బిడ్డ దక్కలేదని చెప్పింది. ఇక్కడ సీటీ కూత వినపడితే పని మొదలు, సీటీ కొడితే బందు, ఎవని పెండ్లికీ నీళ్లు మోసే పని లేదని కూడా చెప్పింది. అది విని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి ఆమె కనిపెట్టింది.

"మంచిగయిందని చెప్తలేను సారూ. గా చెలక గుంజుకున్నంక గిక్కడికి వచ్చినం. అంతే."

నేను తల ఊపాను. అప్పుడతను ఆ పాత ప్రశ్నే మళ్లీ అడిగాడు. "గా పెద్ద పంచాయితోళ్లు ఏమన్నరు సారూ? సర్కారును నిలవెట్టిండ్రా?"

ఇన్నేళ్లూ అతను ఆ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు. నీ మాట అక్కడి దాకా పోలేదని, వెట్టి లేదని రాసింది నేనేనని, ఆ రోజు నువ్వు మోసిన మూటలో నీ వేలిముద్ర ఉన్న కాగితమే ఉందని, అది నాకు తెలుసని చెప్పాను.

అతను కోపగించలేదు. దగ్గు ఆగేదాకా ఉండి అన్నాడు.

"మూటల ఏమున్నదో తెల్వదు సారూ. కని ఏదో ఉన్నదని మాత్రం తెలిసింది. ఎప్పుడు పక్కపొంటి నడిచేటోనివి, గా దినం ఎనుకపడ్డవు. నువ్వు మాట్లాడుతవేమోనని నేను మెల్లెగ నడిచిన."

నిజమే. మూట మోసేవాడు అంత మెల్లగా నడవడు. ఆ రోజు నేను వెనకబడాలని చూస్తున్నకొద్దీ అతని వీపు నాకు దగ్గరగానే ఉండింది. అతను నా కోసం ఆగుతున్నాడని నాకప్పుడు తట్టలేదు.

చాయ్ పైసలు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. బల్ల మీద ఉంచితే వెనక నుంచి పిలిచి మరీ ఇచ్చేసింది.

ఆ ఏడాది ప్రశ్న వచ్చినప్పుడు, మార్పు లేదని రాయలేదు. ఆ ఊరి సంగతి, చెలక సంగతి, నేను రాసిన అబద్ధం సంగతి, అన్నీ రాసి పైకి పంపాను. కొన్ని రోజులకు అది తిరిగొచ్చింది. ఇన్నేళ్లుగా ప్రభుత్వం ఇస్తున్న జవాబుకు ఇది విరుద్ధంగా ఉంది, ఎలా సమర్థించుకుంటారో తెలపండి అని ఉంది. కింద ఆ పాత జవాబు నకలు. గ్రామ హితం కోరి, గ్రామ ప్రతినిధిని సంప్రదించి. లక్సెట్టిపేటలో రాసిన నా వాక్యమే, పై దాకా పోయి అన్ని జిల్లాల జవాబు అయింది. ఒక్క అక్షరం చెదరకుండా నా ముందుకు వచ్చి నిలబడింది. దాని మీద రాష్ట్రం నిలబడింది, దేశం నిలబడింది. దాన్ని కాదనడానికి నా దగ్గర ఆధారం ఏముంది? వేలిముద్ర ఉన్న కాగితం పటేలు చేతికి నేనే ఇచ్చాను.

అయినా ఏదో ఒకటి రాయవచ్చు. రాయాలనే కూర్చున్నాను. నాకు ఉద్యోగ విరమణకు ఇంకా చాలా ఏళ్లున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను. ఒంట్లో బాగానే ఉంది. తిరిగి వచ్చేసరికి నా బల్ల ఖాళీగా ఉంది. గత జవాబులో మార్పు లేదని రాసి పంపేశామని, అనవసరంగా పరేషాన్ కావద్దని నా కింద పనిచేసే గుమాస్తా చెప్పాడు.

శ్రీరాంపూర్ మీదుగా తర్వాత కూడా చాలాసార్లు వెళ్లాను. ఆ పాక దగ్గరికి వచ్చేసరికి బస్సులో మరో వైపు కూర్చునేవాణ్ణి. ఒకసారి కిటికీలోంచి చూశాను. అతను పాక ముందు గోనెపట్టా మీద కూర్చుని దారి వైపు చూస్తున్నాడు. బస్సు అక్కడ ఆగింది. దిగలేదు.